శిక్షణ పల్లె స్టేషను దాకా రావాలి

పోలీసు శిక్షణ అనగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేది పరేడ్ మైదానం. తెల్లవారక ముందే ఈల, బూట్ల చప్పుడు, చివరి రోజున మంత్రిగారికి గౌరవ వందనం. అనంతపురానికి ఈ దృశ్యం కొత్త కాదు. ఇక్కడి పోలీసు శిక్షణ కళాశాలలో తర్ఫీదు పొందిన ఎస్సైలు, డీఎస్పీలు రాష్ట్రం నలుమూలలా పనిచేస్తున్నారు. ఊళ్ళో ఒక కుర్రవాడు కానిస్టేబులుగా ఎంపికైతే అది ఒక్క ఇంటి సంతోషం కాదు, ఊరందరి సంతోషం. అయితే అక్కడ నేర్చుకున్న విద్య మన మండలంలోని పోలీసు స్టేషనుకు ఎంతవరకు చేరుతున్నది? పల్లె ప్రజలు అడగవలసిన ప్రశ్న ఇది.

ప్రశ్న పాతదే అయినా ఇప్పుడు దానికి తొందర వచ్చింది. 2024 జూలై 1 నుంచి దేశమంతటా మూడు కొత్త నేర చట్టాలు అమలులోకి వచ్చాయి. 1860 నాటి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, 1973 నాటి నేర విచారణ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చాయి. పోలీసులకు కంఠతా వచ్చిన సెక్షన్ల అంకెలు ఒక్క రాత్రిలో మారిపోయాయి. హత్యకు 302 పోయి 103 వచ్చింది. పల్లెల్లో సైతం మోసగాడికి మారుపేరైన ‘ఫోర్ ట్వంటీ’ ఇప్పుడు 318. ఈ అంకెలు నేర్పడానికి తరగతులు జరిగాయి, పుస్తకాలు పంచారు, ఫోన్లలో యాప్‌లు వచ్చాయి. మంచిదే. కాని అంకెలు నాలుగు నెలల్లో నోటికి వస్తాయి. మారింది అంకెలే కాదు, పనిచేసే తీరే మారింది.

సోదా చేసినా, వస్తువును స్వాధీనం చేసుకున్నా జాబితా రాసి సాక్షుల సంతకాలు తీసుకునేంతవరకు అంతా వీడియో తీయాలని సురక్షా సంహిత 105వ సెక్షను చెబుతున్నది. ఏడేళ్ళు, ఆ పైన శిక్ష పడగల నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు స్వయంగా నేరస్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలని 176వ సెక్షను చెబుతున్నది. ఈ ఏర్పాటు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ళ గడువు ఉంది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ‘జీరో ఎఫ్.ఐ.ఆర్.’ అంటే అదే. ఎఫ్.ఐ.ఆర్. నకలును ఫిర్యాదికి ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా తెలియజేయాలి. ఫోనులోని వీడియో కోర్టులో నిలవాలంటే దానికి ధ్రువపత్రం జతచేయాలి. ఆ పత్రంలో ‘హాష్ విలువ’ అనే గుర్తు ఉండాలి. వీడియోలో రవ్వంత మార్పు చేసినా ఆ గుర్తు మారిపోతుంది. సీలు వేసిన సంచికి లక్క ముద్ర ఎలాంటిదో, ఫోనులోని సాక్ష్యానికి ఇది అలాంటిది.

ఇవన్నీ నేర్పడానికి నేడు సదుపాయాలకు కొదవ లేదు. అలనాటి శిక్షణలో కవాతు, తుపాకి, చట్టం పుస్తకం ఉండేవి. ఇప్పుడు గుళ్ళు ఖర్చు కాకుండా తెర మీద గురి నేర్పే యంత్రాలు వచ్చాయి. గదిలోనే హత్యాస్థలాన్ని సృష్టించి, ఎక్కడ చేయి పెట్టవచ్చునో, ఎక్కడ పెట్టరాదో చూపిస్తున్నారు. ఉత్తుత్తి కోర్టు పెట్టి, బోనులో నిలబెట్టి, డిఫెన్సు వకీలు అడిగే ప్రశ్నలకు తట్టుకోవడం నేర్పుతున్నారు. సైబరు నేరాలకు కంప్యూటరు ప్రయోగశాలలు ఉన్నాయి. దేశంలోని నేరస్థుల వేలిముద్రలను ఒకేచోట పోల్చి చూసే కేంద్ర వ్యవస్థ 2022లో ప్రారంభమైంది. 1948లో మౌంట్ ఆబులో మొదలైన జాతీయ పోలీసు అకాడమీ 1975లో హైదరాబాదుకు తరలివచ్చింది. దర్యాప్తు మెలకువలు నేర్పే కేంద్ర సంస్థ కూడా 1964లో ఆ నగరంలోనే ఏర్పడింది. దేశంలో పోలీసు చదువుకు హైదరాబాదు పెద్దబడి వంటిది. 1986లో ఉమ్మడి రాష్ట్రం కట్టుకున్న పోలీసు అకాడమీ మాత్రం 2014 విభజన తరువాత తెలంగాణ పక్షాన నిలిచింది. కనుక ఇవతలి రాష్ట్రానికి అనంతపురం వంటి పాత కళాశాలల అవసరం మరింత పెరిగింది.

పెద్దబడి ఎంత గొప్పదైనా అక్కడికి వెళ్ళేది ఎవరు? జాతీయ అకాడమీలో చదివేది ఐ.పి.ఎస్. అధికారులు. పోలీసు బలగంలో నూటికి 85 మందికి పైగా కానిస్టేబుళ్ళు, హెడ్ కానిస్టేబుళ్ళే. పల్లెవాడు జీవితంలో ఒక్కసారైనా మాట్లాడే పోలీసు వారే. కానిస్టేబులుకు ఉద్యోగంలో చేరినప్పుడు తొమ్మిది నెలల శిక్షణ ఇస్తారు. ఆ తరువాత ముప్ఫయ్యేళ్ళు ఉద్యోగం. ఆ ముప్ఫయ్యేళ్ళలో చట్టం మారింది, నేరం మారింది, దొంగ చేతిలోని పనిముట్టు మారింది. మరి అతనికి మళ్ళీ నేర్పింది ఎంత?

దీనికి సమాధానం నిరాశ కలిగిస్తుంది. 21 రాష్ట్రాలలో సుమారు 12,000 మంది పోలీసు సిబ్బందిని ప్రశ్నించి 2019లో వెలువరించిన ఒక అధ్యయనం ప్రభుత్వ లెక్కలను కూడా పరిశీలించింది. అంతకు ముందు ఐదేళ్ళలో ఉద్యోగంలో ఉండగా శిక్షణ పొందినవారు సగటున 6.4 శాతమేనని తేల్చింది. వారిలోనూ పై అధికారులకు దక్కిన అవకాశం కింది వారికి దక్కలేదు. పోలీసులు సగటున రోజుకు 14 గంటలు పనిచేస్తున్నారని అదే అధ్యయనం చెప్పింది. 2025లో వెలువడిన భారత న్యాయ నివేదిక ప్రకారం రాష్ట్రాలు పోలీసు బడ్జెటులో శిక్షణకు పెడుతున్నది సగటున 1.25 శాతం. నూరు రూపాయలలో రూపాయి పావలా! ఎద్దుకు మేత పెట్టకుండా కాడికి రంగులు వేసినట్లుంది ఈ లెక్క.

లోపం ఈనాటిది కాదు. మన పోలీసు వ్యవస్థ 1861 చట్టం మీద నిలబడింది. 1857 తిరుగుబాటు తరువాత ప్రజలను అదుపులో ఉంచడానికి తెల్లదొరలు చేసుకున్న ఏర్పాటు అది. 1902లో ఫ్రేజర్ అధ్యక్షతన ఏర్పడిన పోలీసు కమిషను కూడా శిక్షణ లోపభూయిష్టంగా ఉన్నదని, ప్రజలు పోలీసును పీడకుడుగా చూస్తున్నారని ఒప్పుకుంది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1971లో కేంద్రం నియమించిన గోరే కమిటీ శిక్షణ అంటే కవాతు, సెక్షన్లు మాత్రమే కాదని, ప్రజల పట్ల ప్రవర్తనను తీర్చిదిద్దడమని చెప్పింది. 1977లో ఏర్పడిన జాతీయ పోలీసు కమిషను మరొక అడుగు ముందుకు వేసి, కానిస్టేబులు చెప్పిన పని చేసే మరమనిషి కారాదని, తన బుద్ధిని ఉపయోగించే ఉద్యోగిగా ఎదగాలని సూచించింది. నివేదికలు అల్మారాలలో భద్రంగా ఉన్నాయి. ఆ నివేదికల నడుమనే, 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక స్త్రీపై జరిగిన అత్యాచారం, ఆమె భర్త మరణం రాష్ట్రాన్నంతటినీ అట్టుడికించాయి. అరెస్టు చేసేటప్పుడు పాటించవలసిన నియమాలను సుప్రీం కోర్టు 1996లో డి.కె.బసు కేసులో ఒక్కొక్కటిగా నిర్దేశించవలసి వచ్చింది. స్టేషన్లలో కెమెరాలు పెట్టాలని 2020లో మళ్ళీ ఆ కోర్టే ఆదేశించవలసి వచ్చింది. శిక్షణ సరిగా ఉంటే కోర్టు చెప్పేదాకా ఆగవలసిన అవసరం ఏమున్నది?

కొత్త చట్టాల కాలంలో శిక్షణ లోపం పల్లెను ఎలా దెబ్బ తీయగలదో ఒక ఉదాహరణ చూడండి. మన ప్రాంతంలో రైతుకు బోరే ప్రాణం. రాత్రికి రాత్రి బోరు కేబులు కోసి రాగి తీగ ఎత్తుకుపోవడం ఎన్నో ఊళ్ళు ఎరిగిన దొంగతనం. తెల్లవారి రైతు స్టేషనుకు వెళతాడు. న్యాయ సంహితలో ఒక కొత్త నియమం ఉంది. మొదటిసారి దొంగతనం చేసినవాడు, సొత్తు విలువ ఐదు వేల రూపాయల లోపు అయి, దాన్ని తిరిగి ఇచ్చేస్తే, అతనికి సమాజ సేవ శిక్షగా పడుతుంది. ఐదు వేల లోపు దొంగతనాన్ని చట్టం పట్టికలో నాన్‌కాగ్నిజబుల్ నేరంగా చూపారు. అంటే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసు దర్యాప్తు మొదలుపెట్టడానికి లేదు. కనుక ఫిర్యాదులో రాసే ఒక్క అంకె మీద రైతు గతి ఆధారపడి ఉంటుంది.

ఆ అంకెను రాసేది స్టేషను రైటరు. పోయిన కేబులు ఎన్ని మీటర్లు, ఎప్పుడు కొన్నది, బిల్లు ఉన్నదా, దానితో పాటు స్టార్టరు, ఫ్యూజులు పోయాయా అని విడమరచి అడిగే రైటరు ఉంటే అసలు విలువ కాగితం మీదకు వస్తుంది. ‘‘ఎంతయ్యా, మూడు వేలుంటుందా?’’ అని తానే అని, తానే రాసుకునే రైటరు ఉంటే కేసు అక్కడే చప్పబడుతుంది. నీళ్ళు లేక ఎండిన వేరుశనగ చేను విలువ ఆ అంకెలో ఎలాగూ కనపడదు. ఇద్దరు రైటర్లూ ఒకే ఖాకీ తొడిగారు, ఒకే మైదానంలో కవాతు చేశారు. తేడా అంతా అడిగే పద్ధతిలో ఉంది. ఆ పద్ధతిని నేర్పేదే అసలైన ఆధునిక శిక్షణ. దానికి కోట్ల రూపాయల యంత్రం అక్కర లేదు.

మరో నియమం ఉంది. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడగల నేరాలలో, డీఎస్పీ అనుమతితో, కేసు నిలుస్తుందా లేదా అని 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ జరపవచ్చు. అనుమతి, గడువు రెండూ తెలిసిన ఉద్యోగి దీన్ని చట్టప్రకారం వాడుకుంటాడు. తెలియనివాడికి, తెలిసీ ఎగవేయదలచినవాడికి ఇది ‘‘చూద్దాం, రేపు రాపో’’ అనడానికి సాకు అవుతుంది. విచారించదగిన నేరం జరిగిందని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్.ఐ.ఆర్. కట్టి తీరవలసిందేనని 2013లో లలితకుమారి కేసులో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన మాటను మరువరాదు. స్టేషనులో ఫిర్యాదు తీసుకోకపోతే దాన్ని రాతపూర్వకంగా, పోస్టులో ఎస్పీకి పంపే హక్కు ప్రజలకు ఉంది. అప్పటికీ పని కాకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

నేరస్థలం సంగతీ అంతే. ఫోరెన్సిక్ నిపుణుడు జిల్లా కేంద్రం నుంచి బయలుదేరి మారుమూల పల్లెకు చేరేసరికి రెండు మూడు గంటలు పట్టవచ్చు. అంతవరకు ఆ స్థలాన్ని కాపాడేది ఎవరు? ముందుగా చేరుకున్న కానిస్టేబులు. అతను తాడు కట్టి జనాన్ని ఆపితే పాదముద్ర, రక్తపు మరక, సిగరెట్టు పీక నిలుస్తాయి. అతనే ముందు నడిచి కత్తిని చేత్తో ఎత్తి చూస్తే ఎంత పెద్ద ప్రయోగశాల అయినా చేయగలిగింది ఉండదు. ఇక్కడ ప్రజల పాత్ర కూడా ఉంది. బావిలో శవం తేలిందంటే ఊరు ఊరంతా గట్టు మీద మూగుతుంది. ఫోనుతో ఫోటోలు తీసి పంచుకుంటుంది. దూరంగా నిలబడటం కూడా న్యాయానికి సాయపడటమేనని పోలీసులు ముందుగానే ఊళ్ళలో చెబితే వినని జనం కాదు మనది.

ఇక ఫోనులో జరిగే మోసం. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామంటూ అంకెలు అడిగి, డ్వాక్రా మహిళ పొదుపు ఖాతానో, రైతు పంట డబ్బునో ఊడ్చేస్తున్నారు. ఇందులో గంటల లెక్కే ముఖ్యం. 1930 నంబరుకు వెంటనే ఫోను చేస్తే డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది. బాధితురాలు ముందుగా పరుగెత్తేది స్టేషనుకే. ద్వారం దగ్గర ఉన్న సెంట్రీకి ఈ నంబరు సంగతి తెలిసి, అక్కడే ఫోను చేయిస్తే డబ్బు నిలవవచ్చు. ‘‘ఎస్సై గారు బందోబస్తుకు పోయారు, సాయంత్రం రా’’ అంటే సాయంత్రానికి ఖాతాలు నాలుగు మారి ఉంటాయి. సైబరు ప్రయోగశాల జిల్లా కేంద్రంలో ఉంటే చాలదు, సైబరు తెలివి స్టేషను ద్వారం దగ్గర ఉండాలి.

అన్నిటికంటే ముందు నేర్పవలసింది మాట. చదువురాని ముసలివాడు స్టేషను మెట్లెక్కితే ‘‘కూర్చో పెద్దాయనా, ఏమైంది?’’ అనే పలకరింపుకు ఖర్చు లేదు. అయినా అది దొరకడం అదృష్టంగా భావించే రోజులు ఇంకా పోలేదు. స్త్రీలను, 60 ఏళ్ళు దాటిన పురుషులను, 15 ఏళ్ళ లోపు బాలురను, వికలాంగులను సాక్ష్యం కోసం స్టేషనుకు పిలిపించరాదని, వారి ఇంటి దగ్గరే మాట్లాడాలని చట్టం చెబుతున్నది. ఈ సంగతి ఎందరు కానిస్టేబుళ్ళు ఎరుగుదురు? ఎందరు పల్లె ప్రజలు ఎరుగుదురు? శిక్షణలో ఒకరు ఫిర్యాదిగా, ఒకరు పోలీసుగా నటించి మాట్లాడే పద్ధతి నేర్చుకునే పాఠాలు ఇప్పుడు వచ్చాయి. అవి పరీక్ష కోసం నటించి మరచిపోయేవిగా మిగలరాదు.

నిందంతా కానిస్టేబులు మీద వేయడం న్యాయం కాదు. జాతరకు అతనే, ఎన్నికలకు అతనే, మంత్రి పర్యటనకు అతనే. రెండు రోజుల తరగతికి పంపుదామంటే స్టేషనులో మిగిలేది ఎవరని ఎస్సై అడుగుతాడు. ఆ ప్రశ్నలోనూ నిజం ఉంది. 2022 నవంబరులో ప్రకటించిన 6,100 కానిస్టేబుల్ ఉద్యోగాలకు తుది ఫలితాలు వచ్చేసరికి 2025 ఆగస్టు అయింది. భర్తీ ఇంత నత్తనడకన సాగితే ఉన్నవారి మీద భారం పెరుగుతుంది, శిక్షణ వాయిదా పడుతుంది. నిద్ర చాలని మనిషికి మర్యాద నేర్పడం కష్టం. సోదా వీడియో తీయమన్న చట్టం ఫోను ఎవరిది, చార్జి ఎవరు పెట్టాలి, సిగ్నలు లేని ఊళ్ళో ఏం చేయాలి అన్న ప్రశ్నలకు స్టేషనులో జవాబు ఉండాలి కదా!

అందుచేత ప్రభుత్వం చేయవలసిన పనులు కొన్ని స్పష్టంగా కనిపిస్తున్నాయి. ప్రతి కానిస్టేబులుకు, హెడ్ కానిస్టేబులుకు ఏడాదికి కనీసం పది రోజులు శిక్షణ ఉండాలి. ఆ పది రోజులు ఏ బందోబస్తుకూ పిలవరాదు. స్టేషను రైటర్లకు, ఫిర్యాదులు తీసుకునే వారికి ప్రత్యేక తరగతులు పెట్టి, వారు రాసిన ఎఫ్.ఐ.ఆర్.లనే ముందు పెట్టి తప్పొప్పులు చెప్పించాలి. శిక్షణ కళాశాలకు బదిలీ అంటే శిక్షగా భావించే అలవాటు పోవాలి. కేసులు పట్టి కోర్టులో నిలబెట్టిన దర్యాప్తు అధికారులను అక్కడ గురువులుగా నియమించి, అందుకు తగిన భత్యం, గౌరవం ఇవ్వాలి. చేతి తొడుగులు, సీలు కవర్లు, నేరస్థలానికి కట్టే పట్టీ, ప్రభుత్వ ఫోను లేని స్టేషను ఒక్కటి కూడా ఉండరాదు. మహిళా కానిస్టేబుళ్ళకు శిక్షణ కేంద్రంలోనూ, స్టేషనులోనూ విడి గది, మరుగుదొడ్డి లేకుండా ఆధునికత గురించి మాట్లాడటం హాస్యాస్పదం.

మరొక పని ఖర్చు లేనిది. పోలీసుకు నేర్పిన దాన్ని ప్రజలకూ చెప్పాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితమని, 90 రోజుల్లో దర్యాప్తు సంగతి తెలుపుతామని, 1930, 112 నంబర్లు ఎందుకో, ముసలివారిని ఇంటి దగ్గరే విచారిస్తామని పెద్ద తెలుగు అక్షరాలతో ప్రతి స్టేషను ముందు, ప్రతి గ్రామ సచివాలయం ముందు రాసి పెట్టాలి. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల ఎస్పీలు తమ పరిధిలో రేపే ఇది చేయవచ్చు. ఇందుకు జీవో అక్కర లేదు. నియమం తెలిసిన ఫిర్యాది ఎదురుగా నిలబడితే నియమం మరచిన ఉద్యోగికి అది ఉచితంగా దొరికిన శిక్షణే.

శిక్షణ బాగుందా లేదా అన్నది గౌరవ వందనం నాడు తేలదు. కోసిన కేబులుకు కేసు కట్టారా, కట్టిన కేసు కోర్టులో నిలిచిందా, పోయిన డబ్బు తిరిగి వచ్చిందా, స్టేషనుకు వెళ్ళిన ఆడకూతురు తలెత్తుకొని తిరిగి వచ్చిందా అన్న వాటి మీద తేలుతుంది. వచ్చే బడ్జెటులో ప్రభుత్వం యంత్రాలకు ఎన్ని కోట్లు కేటాయించినా, అందులో పల్లె స్టేషను కానిస్టేబులుకు, రైటరుకు నేర్పడానికి ఎంత పెడుతున్నదో విడిగా చెప్పాలి. మన శాసనసభ్యులు సభలో ఆ లెక్క అడగాలి.